చివరి ముక్క పడ్డాక పెంచేవాళ్లు

"చివరి ముక్క పడ్డాక మన పందెం మీద అవతలివాడు పెంచాడంటే ఇక ఆలోచించక్కర్లేదు బావగారూ, ముక్కలు పడేయడమే" అని మా బావమరిది ఈ సంక్రాంతికి పాలకొల్లు దగ్గర మా అత్తవారింటి వరండాలో తేల్చి చెప్పాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, వీడియోలు చూసి, చార్టులు కంఠస్థం చేసి పోకర్ నేర్చుకున్నవాడు కాబట్టి ఆ మాటకు అక్కడ ఎదురులేకపోయింది. భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు మాత్రం కాసేపు ఆలోచించి, "అందరూ పడేస్తారని ముందే తెలిసినప్పుడు, చేతిలో ఏమున్నా లేకపోయినా మనమే పెంచేస్తే సరిపోతుంది కదా మావయ్యా" అన్నాడు. ఒకే నియమం నుంచి ఒకరు భయాన్నీ మరొకరు ఆశనూ తీసుకున్నారు. వాళ్లిద్దరికీ అక్కడే సరైన సమాధానం చెప్పే వీలు లేక, ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

డబ్బు సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. మా ఆట చింతపిక్కలతో. రాష్ట్రంలో 1974 నాటి జూద చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా దాని కిందికి తెచ్చారు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. అందుచేత మా బావమరిది విద్య అంతా ప్రస్తుతం పిక్కల మీదే ప్రదర్శితమవుతోంది. అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నవారు ఆత్రేయపురం పూతరేకులు తెప్పించాలన్నది ఒక్కటే మా ఇంటి షరతు.

ఇక అసలు విషయం. మా పోకర్‌లో ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలుంటాయి, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు పడతాయి. రివర్ మీద, అంటే ఐదో ముక్క బల్ల మీద పడిన తరువాత, అవతలివారు పందెం కాస్తే, ఉత్త చేతితో, అంటే గెలిచే ముక్కలు లేకుండా, దాన్ని పెంచడం (ఇలాంటి అబద్ధాన్నే బ్లఫ్ అంటారు) ఆడదగిన ఎత్తే. అయితే అది అరుదుగా కనిపించడానికి కారణం జనానికి ధైర్యం చాలకపోవడం కాదు. దానికి తగిన చేతులు తక్కువ, తగిన ప్రత్యర్థులు అంతకంటే తక్కువ. కోడిపందేల బరి దగ్గర మనవాళ్లు "గుండె ఉన్నోడు" అని మెచ్చుకునే గుణానికీ దీనికీ ఉన్న సంబంధం చాలా స్వల్పమని నా నమ్మకం. (నిజానికి ఆ బరి దగ్గర కూడా నిలకడగా నెగ్గేవాళ్లు గుండెను కాక కోడి కాలునూ, కత్తి కట్టేవాడి చేతినీ చూస్తారు. అది వేరే కథ.)

ఈ ఎత్తు గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది 2003 నాటి పోకర్ వరల్డ్ సిరీస్ తుది పోరును ఉదాహరణగా తెస్తారు. 839 మంది ఆడిన ఆ పోటీ చివర్లో, రాజు తప్ప మరేమీ లేని చేతితో క్రిస్ మనీమేకర్ తన చిప్స్ అన్నీ ముందుకు నెట్టి, తొమ్మిదుల జత ఉన్న శామీ ఫర్హా చేత ముక్కలు పడేయించాడు. ఆ తరువాత 25 లక్షల డాలర్ల బహుమతి గెలిచాడు. ఎంత గొప్ప ఘట్టమైనా అది మన చర్చకు పనికిరాదు. ఫర్హా రివర్ మీద పందెం కాయకుండా చెక్ చేశాడు, మనీమేకర్ మొదటి పందెం కాశాడు. ఎవరూ నోరు విప్పని చోట అబద్ధం చెప్పడం ఒకటి. ఎదుటివాడు "నా దగ్గర ఉంది" అని చెప్పిన తరువాత "నీకంటే నా దగ్గర ఎక్కువ ఉంది" అని అబద్ధం చెప్పడం వేరొకటి. నేను మాట్లాడుతున్నది రెండో దాని గురించి.

పెంచడానికయ్యే ఖర్చు

లెక్క చూద్దాం. పాట్‌లో, అంటే బల్ల మధ్యన పోగైన పందెపు కుప్పలో, 1000 పిక్కలున్నాయి. అవతలివారు 600 కాశారు, మీరు 2000కు పెంచారు. ఇప్పుడు మీరు 1600 గెలవడానికి 2000 ఒడ్డుతున్నారు. మీ చేతిలో ఏమీ లేకపోతే, ఈ ఎత్తు నష్టం లేకుండా నిలవాలంటే అవతలివారు 100కు దాదాపు 56 సార్లు పడేయాలి. అదే పాట్‌లోకి మీరే మొదటగా 600 కాసి ఉంటే 37 లేదా 38 సార్లు పడేసినా సరిపోయేది. పైగా మొదటి పందేన్ని ఎదుర్కొనేవారి చేతిలో ఏ చెత్తయినా ఉండవచ్చు. తానే పందెం కాసినవారు తమ చెత్తలో చాలా భాగాన్ని అప్పటికే చెక్ చేసి పక్కన పెట్టేసి ఉంటారు. అంటే ఎక్కువ ధర పెట్టి, ఎక్కువ బలమున్నవారిని తరమాల్సి వస్తుంది.

ధర తగ్గించుకోవడానికి కొందరు 2000 బదులు 1200కే పెంచుతారు. అప్పుడు 43 సార్లు పడేస్తే చాలునని లెక్క చెబుతుంది. కానీ అవతలివారు మరో 600 వేస్తే 2800 దక్కే అవకాశం ఉంటుంది. ఆరింటిలో ఒకసారి గెలిచినా వారికి దాదాపుగా గిట్టుబాటవుతుంది. ఆ ధరకు పడేసే మనిషిని నేనింతవరకు చూడలేదు. ఈ ఎత్తును చవకగా ఆడదామనుకోవడం దండగ.

ఇంతకీ పెంచేవాడు ఎంత తరచుగా అబద్ధమాడాలి? 2000కు పెంచినప్పుడు అవతలివారు 1400 వేసి, మొత్తం 5000 అయిన పాట్ కోసం చూస్తారు (పందెం సమం చేసి ముక్కలు తేల్చుకోవడమే చూడటం). అంటే 100కు 28 సార్లు గెలిస్తే వారికి నష్టమూ లాభమూ లేదు. కాబట్టి మీ రెయిజ్‌లు (పెంచడాలు) 25 ఉంటే వాటిలో 18 నిజాలు, 7 అబద్ధాలు అయినప్పుడు, వారు చూసినా పడేసినా వారికి ఒరిగేదేమీ ఉండదు. ఇక్కడే నాకు ఈ ఎత్తు అరుదుగా ఎందుకుంటుందో అర్థమవుతుంది. రివర్ మీద ఎదుటివారి పందెం మీద పెంచగలిగేంత గొప్ప చేయి ఒక రాత్రంతా ఆడితే ఎన్నిసార్లు వస్తుంది? ఒక్కసారి వస్తే గొప్ప. నిజాలే అంత అరుదైనప్పుడు, వాటి నీడన బతకాల్సిన అబద్ధాలు అందులో సగం కూడా ఉండకూడదు. మా మేనల్లుడు చెప్పినట్టు అవకాశం దొరికినప్పుడల్లా పెంచితే, ఆ నిష్పత్తి మొదటి గంటలోనే తలకిందులవుతుంది.

అబద్ధానికి ఏ చేయి వాడాలన్నది మరో ప్రశ్న. మనిషి సహజంగా మధ్యస్థమైన చేతితో పెంచాలనుకుంటాడు, "పూర్తిగా ఉత్తది కాదు కదా" అన్న ధీమాతో. అది తప్పని చూపడానికి హెరాల్డ్ కూన్ అనే గణితవేత్త 1950లో వివరించిన మూడు ముక్కల చిన్న ఆట చాలు. జాకీ, రాణి, రాజు మాత్రమే ఉంటాయి, ఇద్దరు ఆటగాళ్లకు చెరొక ముక్క. మొదటివాడి చేతిలో రాణి ఉంటే అతడు ఎన్నడూ పందెం కాయకూడదు, ఎందుకంటే జాకీ ఉన్నవాడు పడేస్తాడు, రాజు ఉన్నవాడు చూస్తాడు. గెలిచేచోట ఏమీ రాదు, ఓడేచోట అదనంగా పోతుంది. జాకీతో మాత్రం అప్పుడప్పుడు కాయవచ్చు, రాజుతో కాసేదానిలో మూడో వంతు తరచుగా. ఆ ఆటలో పెంచడమనేదే లేదు, ఒకే ఒక్క పందెం. అయినా సూత్రం రివర్ రెయిజ్‌కు అలాగే వర్తిస్తుంది. ఒక మోస్తరు జతతో పెంచితే మీకంటే తక్కువవాళ్లు పడేస్తారు, ఎక్కువవాళ్లు చూస్తారు. ఆ జతతో ఊరికే చూస్తే అవతలివారి బ్లఫ్ అయినా దొరికేది.

ఆఠీను ఆసు

ఉత్త చేతులన్నీ ఒకటి కావు. బల్ల మీద ఆఠీను రాణి, ఆఠీను పది, కళావరు నాలుగు, ఇస్పేటు రెండు వచ్చి, చివరగా ఆఠీను ఆరు పడిందనుకోండి. మీ చేతిలో ఆఠీను ఆసు, కళావరు జాకీ ఉన్నాయి. రాజు వస్తే వరుస కుదురుతుందని అంతదాకా చూస్తూ వచ్చారు, అది రాలేదు. జత కూడా పడలేదు. అవతలివారు 600 కాశారు.

ఈ చేయి ఉత్తదే. కానీ ఆ ఆఠీను ఆసు మీ దగ్గర ఉండటమే ఇక్కడి రహస్యం. ఆసుతో కూడిన అన్నిటికంటే పెద్ద ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) అవతలివారికి ఉండే అవకాశమే లేదు. ఆఠీనులు 13, బల్ల మీద మూడు పోతే మిగిలేవి 10. ఆ పదిలో రెండు ముక్కలను 45 రకాలుగా పట్టుకోవచ్చు. ఒకటి మీ చేతిలో ఉంటే 36 రకాలే మిగులుతాయి. తగ్గింది తొమ్మిదే కదా అనిపిస్తుంది. కానీ ఆ తొమ్మిదీ ఆసుతో కూడినవి, ఎవరైనా మొదట్లోనే పడేయకుండా రివర్ దాకా పట్టుకొచ్చే చేతులు. ఆఠీను మూడు, ఏడు లాంటివి మా మావయ్యగారు తప్ప ఎవరూ అంతదాకా మోయరు. కాబట్టి కాగితం మీది లెక్క కంటే అసలు తగ్గింపు ఎక్కువే.

అన్నిటికంటే పెద్ద చేయి మీదేనని మీరు చెబుతున్న కథ అబద్ధమని నిరూపించగల ముక్క మీ దగ్గరే ఉంది. అవతలివారి దగ్గర మూడు పదులో, రెండు జతలో, చిన్న ఫ్లషో ఉంటే ఆ కథను నమ్మక తప్పని స్థితి వస్తుంది. అదే సందర్భంలో ఆఠీను ఆసు బదులు డైమను ఆసు ఉంటే నేను పడేస్తాను. జబ్బలు చరిచే ధైర్యవంతుడికి ఆ రెండు చేతుల మధ్య తేడా కనిపించదు, ఎందుకంటే అతడి దృష్టిలో రెండూ ఉత్త చేతులే, పెంచడానికి కావలసింది గుండే. నేను వాదిస్తున్నదల్లా ఈ తేడా గురించే.

దీనికి మరో షరతుంది. ముందరి రౌండ్లలో మీరు ఆడిన తీరు ఆ కథకు సరిపోవాలి. ఫ్లాప్ మీద, అంటే మొదటి మూడు ముక్కల్లో, ఆఠీనులు రెండున్నప్పుడు మీరు మారు మాట్లాడకుండా చూశారు, నాలుగో ముక్క అయిన టర్న్ మీదా చూశారు, ఆఠీను పడగానే లేచారు. ఇది ఫ్లష్ కోసం వేచి ఉన్నవాడు నడిచే దారే. రివర్ మీద ఇస్పేటు ఎనిమిది పడి ఉంటే ఇదే రెయిజ్‌కు అర్థమే ఉండేది కాదు. చివర్లో చేసే ఈ పని నిజానికి రెండు రౌండ్ల ముందే మొదలవుతుంది. అప్పటికప్పుడు పుట్టే సాహసానికి ఇందులో చోటు లేదు.

వరండాలో పడేసేవాళ్లు, పడేయనివాళ్లు

ఇంత లెక్కా చెప్పాక, నాకే ఒక పెద్ద సందేహం. మా వరండాలో ఈ లెక్క చేసేవాళ్లెవరు? మా మావయ్యగారు రమ్మీలో ఆరితేరినవారు. రమ్మీ ఆటగాడికి పడేయడం తెలియదనడం అన్యాయం. ముక్కలు బాగాలేకపోతే మొదట్లోనే 20 పాయింట్లకు డ్రాప్, మధ్యలో అయితే 40, చివరిదాకా ఉండి ఓడితే 80 అన్నది వాళ్లకు రక్తంలో ఇంకిపోయిన లెక్క. అందుకే వాళ్లు తొలి ముక్కల దగ్గర అద్భుతంగా పడేస్తారు. కానీ ఆటలోకి దిగాక చివర్లో పడేయడమనే ఊహే వాళ్లకు రాదు. "ఇంతదాకా వచ్చాక ఇంకేంటండీ, చూసేద్దాం" అంటారు. ఆ రాత్రి నాలుగు ఆఠీనులు బల్ల మీదున్న పాట్‌లో, మా మేనల్లుడు తన సిద్ధాంతం ప్రకారం భారీగా పెంచితే, మావయ్యగారు కేవలం ఆరుల జతతో చూసి గెలిచారు. ఎందుకు చూశారని అడిగితే, "వీడి దగ్గర ఏముందో తెలియకుండా నాకు నిద్ర పట్టదండీ అల్లుడుగారూ" అన్నారు.

మూడుముక్కలాట నుంచి వచ్చినవాళ్ల సంగతి ఇంకో రకం. అక్కడ బల్ల మీద పడే ముక్కలు లేవు, కథకు ఆధారాలు లేవు. పెంచుతూ పోయి ఎదుటివాడిని అలసిపోయేలా చేయడమే పద్ధతి. మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే 1960ల చివర్లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అనీ, మూడుముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద ఆధారపడేది కాదనీ చెప్పింది. పడేయించే విద్యను కూడా లెక్కలోకి తీసుకుంటే మూడుముక్కలాటకు ఆ తీర్పులో కాస్త అన్యాయం జరిగిందేమోనని నాకు అనిపిస్తుంది గానీ, ఆ విద్య పోకర్ రివర్ మీద అక్కరకు రాదన్నది మాత్రం నిజం. అక్కడ దబాయింపు చాలు, ఇక్కడ దబాయింపుకు సాక్ష్యాలు జతపడాలి.

మరి ఈ ఎత్తు పనిచేసేది ఎవరి మీద? విచిత్రంగా, మా బావమరిది లాంటివాళ్ల మీద. రివర్ రెయిజ్ అంటే తప్పకుండా గొప్ప చేయే అని నేర్చుకున్నవాడే పడేస్తాడు. ఆట తెలియనివాడికి భయపడాలని కూడా తెలియదు. ఆ నియమం చిన్న ఆటల్లో చాలావరకు నిజం, ఎందుకంటే మామూలు ఆటగాళ్లు అక్కడ చాలా తక్కువగా అబద్ధమాడతారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ దాన్ని అందరి ముందూ గట్టిగా ప్రకటించినవాడు, తనను ఎప్పుడు పడేయించవచ్చో చీటీ రాసి ఇచ్చినట్టే.

ఈ నియమానికి మరో పక్క ఏముందో కూడా ఆ రాత్రే కనిపించింది. ఆట కొత్తగా నేర్చుకుంటున్న మా పిన్నిగారు రివర్ మీద బావమరిది పందేన్ని మూడింతలకు పైగా పెంచారు. అతడు చాలాసేపు ఆలోచించి, మూడు తొమ్మిదులను అందరికీ చూపించి మరీ పడేశాడు. పిన్నిగారు సంబరంగా రాణుల జత, నాలుగుల జత తిప్పి చూపించారు. అవి మూడు తొమ్మిదుల ముందు నిలవవు. ఆవిడ ఉద్దేశంలో అది బ్లఫ్ కాదు, రెండు జతలంటే గొప్ప చేయే. నిజానికీ అబద్ధానికీ మధ్య ఇలాంటి మూడో రకం రెయిజ్ ఉంటుంది, తన చేయి విలువ తెలియక పెంచేది. పుస్తకాల లెక్కలో దానికి గడి లేదు. బావమరిది నియమానికి దెబ్బ తగిలేది ఇక్కడే, నా వాదానికీ కాస్త తగులుతుంది. పెంచినవారు నిష్పత్తులు పాటిస్తున్నారని అనుకోవడమే ఒక అతివిశ్వాసం.

యంత్రానికి గుండె ఎక్కడిది

గుండె వాదాన్ని వదలనివారికి నేను చెప్పే జవాబు యంత్రాలు. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు, పందెం పరిమాణాలు ముందే నిర్ణయమైన ఇద్దరి పోకర్‌ను దాదాపు పూర్తిగా సాధించామని ప్రకటించారు. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన లిబ్రాటస్ అనే ప్రోగ్రాం, పిట్స్‌బర్గ్‌లోని ఒక కాసినోలో నలుగురు మేటి ఆటగాళ్లతో లక్షా 20 వేల చేతులు ఆడి, 17 లక్షల డాలర్లకు పైబడిన విలువ గల చిప్స్ గెలిచింది. పాట్‌లో ఉన్నదానికి ఎన్నో రెట్లు ఒక్కసారిగా కాయడం దాని ఆటలో అందరినీ కలవరపెట్టిన లక్షణం. చెమట పట్టని, మొహం లేని, పరువు పట్టని వస్తువు ఆ పని చేస్తున్నప్పుడు దానికి ధైర్యమని పేరు పెట్టడం కుదరదు. ఏ ముక్కలతో, ఎంత తరచుగా అన్నదే దానికి తెలిసింది.

అయితే యంత్రం లెక్కను తెచ్చి పాలకొల్లు వరండాలో పరచడమూ పొరపాటే. తనను ఎవరూ దోచుకోలేని విధంగా ఆడటం యంత్రం గురి. ఎదుటివారు ఎవరైనా దానికి ఒకటే. నాకు ఎదురుగా కూర్చున్నది మావయ్యగారు. ఆయన ఎన్నడూ పడేయరని తెలిసినప్పుడు 25లో 7 అబద్ధాలు కాదు, ఒక్కటి కూడా దండగే. మంచి చేయి వచ్చినప్పుడు మాత్రం పుస్తకం చెప్పినదానికంటే పెద్దగా పెంచాలి, ఆయన నిద్ర కోసమైనా చూస్తారు కాబట్టి. బావమరిది ఎదురైతే ఏడు కాదు, తొమ్మిదో పదో చేయవచ్చు, అతడు మేలుకునేవరకు. పిన్నిగారి విషయంలో నేను ఏ లెక్కా వేయను.

పిక్కలతో ఆడితే బ్లఫ్‌కు అర్థమేముందని ఒక మిత్రుడు అడిగాడు. పోయేదేమీ లేనప్పుడు అందరూ చూస్తారు కదా అని అతడి వాదన. సగం నిజమే. మొదటి గంటలో ఎవరూ ఏదీ పడేయరు. కానీ పిక్కలు తగ్గి, పూతరేకుల ఖర్చు తన మెడకు చుట్టుకుంటుందని తెలిసిన దగ్గర్నుంచి మనుషులు అచ్చం డబ్బు ఆటలో లాగానే ముక్కలు బిగించి పట్టుకుంటారు. పోగొట్టుకునేది ఎంత చిన్నదైనా, పదిమంది బంధువుల ముందు పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు.

గెలిచాక చూపించాలా

ఇక మిగిలింది ఒక ఆచరణ ప్రశ్న. ఉత్త చేతితో పెంచి, ఎదుటివారు పడేశాక, ఆ ముక్కలు తిప్పి చూపించాలా వద్దా? మా మేనల్లుడి వయసువాళ్లు చూపించకుండా ఉండలేరు. అసలు ఆనందం అక్కడే ఉందంటారు. చూపిస్తే తరువాత మన నిజమైన రెయిజ్‌లను ఎక్కువమంది చూస్తారు, అది లాభమే అని పాత ఆటగాళ్లు కూడా సమర్థిస్తారు. రోజూ కలిసి ఆడే బల్ల దగ్గర నేనూ ఒప్పుకుంటాను. కానీ రివర్ మీద నిజమైన రెయిజ్ ఎంత అరుదో పైన చూశాం. చూపించినందుకు ఫలితం దక్కాలంటే, జనం మరిచిపోయేలోపు అలాంటి చేయి మళ్లీ రావాలి. మా బల్ల సంక్రాంతి మూడు రోజులే కూడుతుంది. కనుమ నాటికి సగం మంది బస్సులెక్కేస్తారు. మళ్లీ సంక్రాంతికి ఎవరు ఎప్పుడు దేనితో పెంచారో గుర్తుండేది ఒక్క మావయ్యగారికే, ఆయనేమో ఎలాగూ పడేయరు. అందుకని మా వరండాలోనైతే ముక్కలు బోర్లా పెట్టి పేకలో కలిపేయడమే మేలని నా లెక్క. బావమరిది మాత్రం ఆ ముక్కలేమిటో ఇప్పటికీ వాట్సాప్‌లో అడుగుతూనే ఉన్నాడు.